జంట గొట్టాల పన్నెండు బోరు తుపాకీకి నల్లపూత: మొత్తం మళ్ళీ వేయించాలా, మచ్చల వరకు దిద్దుకోవాలా?

కొబ్బరితోట (కోనసీమ):

సభ్యులందరికీ నమస్కారం. మా తాతగారు మద్రాసులో కొన్న పన్నెండు బోరు జంట గొట్టాల తుపాకీ ఒకటి మా ఇంట్లో ఉంది. ఇంగ్లండులో తయారైనది, గొట్టాలు పక్కపక్కన ఉండే రకం. నాన్నగారు కాలం చేశాక వారసుడిగా లైసెన్సు నా పేరు మీదికి మారింది. 2024 ఎన్నికలకు ముందు లైసెన్సున్న అందరిలాగే తుపాకీని అప్పగించి డిపాజిట్ చేసి, ఫలితాలు వచ్చాక వెనక్కి తెచ్చుకున్నాను. ఇంట్లో పెళ్ళి పనుల హడావుడిలో, తెచ్చిన కాన్వాస్ సంచిలోనే ఆ వానాకాలమంతా ఉంచేయడం పూర్తిగా నా తప్పే. దసరాకు ఆయుధపూజ చేద్దామని బయటికి తీస్తే, ఎడమ గొట్టం మీద జానెడు పొడవున గోధుమరంగు తుప్పు కనబడింది. అందులో నాలుగు మచ్చలు అచ్చంగా వేలిముద్రల ఆకారంలో ఉన్నాయి. దానికి తోడు, గొట్టాల కింద ఉండే ముందు చెక్కకు పైగా చెయ్యి పట్టుకునే చోట నల్లపూత ఎన్నో ఏళ్ళ వాడకంలో అరిగిపోయి, ఇనుము తెల్లగా బయటపడింది.

ఇప్పటికి మూడు సలహాలు వచ్చాయి. ఇత్తడి సామాను తోమినట్టు చింతపండుతో తోమితే తుప్పు పోతుందని మా పిన్ని అంటోంది. పట్నంలో యంత్ర భాగాలకు నల్లరంగు ఎక్కించే వర్క్‌షాపు ఒకటి ఉంది, మరిగే తొట్టిలో గంటసేపు ఉంచితే కొత్తదానిలా చేసి ఇస్తామన్నారు. హ్యూస్టన్‌లో ఉన్న మా బావ మాత్రం పాతపూత అంతా తీసేసి సెరకోట్ అనే సిరామిక్ పూత వేయించమని పట్టుబడుతున్నాడు. ఈ మూడింటిలో ఏది మంచిదో అనుభవజ్ఞులు చెప్పగలరు.

మాజీ ఆర్మరర్ (విశాఖపట్నం):

బాబూ, యూనిట్‌లో ఆయుధాల మరమ్మతు చూసిన ఆర్మరరుగా చెబుతున్నాను, మూడూ వద్దు. కారణాలు చెప్పేముందు ఒక పని చేయండి. తుపాకీని కీలు దగ్గర వంచి తెరిచి, రెండు గొట్టాలూ ఖాళీగా ఉన్నాయని కళ్ళతో చూసి, వేలితో తడిమి ధ్రువపరచుకోండి. తూటాల పెట్టెను వేరే గదిలో పెట్టి తాళం వేయండి. ఆ తర్వాతే ముందు చెక్కను ఊడదీసి, గొట్టాల జతను తుపాకీ నుంచి విడదీయండి.

చింతపండు, నిమ్మకాయ, వెనిగర్, ఏ పులుపైనా సరే, ఇత్తడి బిందెకు చేసే మేలు ఇక్కడ చేయదు. తుప్పు ఎలా ఇనుప ఆక్సైడో, నల్లపూత కూడా అలాగే ఇనుప ఆక్సైడే. పులుపుకు ఆ రెంటికీ తేడా తెలియదు. తుప్పు పోయేసరికి దాని చుట్టూ ఉన్న మంచి పూత కూడా పోయి, బూడిదరంగు మచ్చ మిగులుతుంది.

ఇక మరిగే తొట్టి సంగతి. అందులో ఉండేది కాస్టిక్ సోడా, నైట్రేట్ ఉప్పులు కలిపిన ద్రావణం. అది సుమారు 140 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరుగుతుంది. ఒంటి గొట్టం రైఫిలుకు, రివాల్వరు ఫ్రేముకు అది చక్కని పద్ధతి, దానికి నేను వ్యతిరేకిని కాను. మీ గొట్టాల కథ వేరు. రెండు గొట్టాలనూ, వాటి మధ్య పైనా కిందా పొడవునా నడిచే రిబ్ పట్టీలనూ సీసం, తగరం కలిసిన మెత్తని టంకంతో అతికిస్తారు. తొట్టి వేడికి ఆ టంకం కరిగిపోతుందని చాలామంది భయపడతారు కానీ, 183 డిగ్రీలు చేరితే గాని అది కరగడం మొదలుకాదు. దాన్ని తినేసేది క్షారం. అంతకన్నా పెద్ద కీడు, పట్టీ కింద ఉన్న సన్నని బోలులోకి చొరబడిన ఉప్పు ద్రావణం ఎంత కడిగినా పూర్తిగా బయటికి రాదు. కొన్నాళ్ళకు అతుకుల వెంబడి తెల్లటి పొడిగా ఉబికి వస్తుంది, లోపలి నుంచి తుప్పు పట్టిస్తుంది, చివరికి ఒకరోజు పట్టీ ఊడి చేతికి వస్తుంది. అలా ఊడిన గొట్టాలను మళ్ళీ అతికించి సరిచేయగలిగినవారు మన దేశంలో ఎంతమంది మిగిలారో మీరే విచారించి చూడండి.

ప్రస్తుతానికి చేయవలసింది ఇంతే. కుట్టుమిషనుకు వాడే పలుచని నూనె తుప్పు మీద పూసి ఒక రాత్రి నాననివ్వండి. మర్నాడు అతి సన్నని స్టీల్ ఊలు, అంటే నాలుగు సున్నాల రకం, దాన్ని కూడా నూనెలో తడిపి, చెయ్యి బరువు అస్సలు పడకుండా రుద్దండి. లేదా రాగి రేకు ముక్క అంచుతో తుప్పును గోకండి. రాగి ఉక్కు కన్నా మెత్తనిది కాబట్టి తుప్పు లేస్తుంది, పూత మీద గీత పడదు. కొబ్బరినూనె మాత్రం వద్దు, అది మీ తోటలోదే అయినా సరే. నిలవ ఉన్నకొద్దీ కనరెక్కుతుంది, చలికి గడ్డకడుతుంది. తుప్పు పోయాక కింద గుంటలు పడ్డాయా, పూత మిగిలి ఉందా అన్నది చూసి చెప్పండి. ముందు చెక్క కింద దాగి ఉన్న భాగంలో అసలు రంగు ఎలా ఉందో, ముద్రలు ఏమేమి ఉన్నాయో కూడా రాయండి.

రసాయనం మాస్టారు (హనుమకొండ):

ఆర్మరర్ గారు చెప్పినదానికి ఒక వివరణ చేర్చుతాను, ఎందుకంటే ఇక్కడ చాలామంది బ్లూయింగ్‌ను, అంటే ఈ నల్లపూతను, ఒక రంగు అనుకుంటున్నారు. ఇది పైన పూసేది కాదు, ఆ ఇనుమే రూపం మార్చుకున్న పొర. ఎర్ర తుప్పు తేమను కలుపుకున్న ఇనుప ఆక్సైడు. పొరలుపొరలుగా లేచిపోతుంది, కింద ఉన్న ఇనుముకు గాలి తగలనిస్తుంది. నల్లనిది మాగ్నటైటు, ఇనుమును అంటిపెట్టుకుని ఉంటుంది. కాని దాని మందం ఒకటి రెండు మైక్రాన్లకు (మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మించదు. ఆ మాత్రం పొర దానంతట అది ఇనుమును కాపాడలేదు. దానిలోని సూక్ష్మరంధ్రాలు నూనెను పట్టి ఉంచుతాయి, ఆ నూనె కాపాడుతుంది. అందుకే నల్లపూత బాగా ఉన్న తుపాకీ కూడా నూనె ఆరిపోయిన వానాకాలంలో మీ గొట్టంలాగే తుప్పు పడుతుంది.

వేలిముద్రల ఆకారపు మచ్చలకు కారణం చెమటలోని ఉప్పు. ఉప్పు గాలిలోని తేమను పీల్చుకుంటుంది, కాబట్టి తక్కిన చోట పొడిగా ఉన్నా వేలు తగిలిన చోట తుప్పు మొదలవుతుంది. తుపాకీని డిపాజిట్ నుంచి తీసుకున్నరోజు ఎవరెవరి చేతులు తగిలాయో ఆ గొట్టమే రాసి పెట్టుకుంది.

లోహాన్ని కావాలని నల్లబరచడం మన దక్కనుకు కొత్త విద్య కాదు. బీదరు పనివారు జింకు, రాగి కలిసిన మిశ్రమలోహాన్ని పాత కోటలోని మట్టి, నవాసాగరం కలిపిన ముద్దతో నల్లబరుస్తారు. వెండి పొదుగు మాత్రం తెల్లగానే నిలుస్తుంది. సూత్రం ఒకటే, లోహాన్నిబట్టి మందు మారుతుంది. అల్యూమినియం మీద ఆర్మరర్ గారు చెప్పిన తొట్టిని ప్రయోగిస్తే నల్లబడటం అటుంచి, కాస్టిక్ సోడా దాన్ని కరిగించి హైడ్రోజన్ వాయువును వదులుతుంది. స్టెయిన్‌లెస్ స్టీలుకు మామూలు బ్లూయింగ్ ఎక్కదు. కనుక ఏ పూత దిద్దాలన్నా ముందు కింద ఉన్నది ఏ లోహమో, పైన ఉన్నది ఏ పూతో తెలియాలి.

గల్ఫ్ తీరం (హ్యూస్టన్):

కొబ్బరితోట గారి బావ మా ఊరివారేనేమో గాని, ఆయన సలహాతో మాత్రం నేను ఏకీభవించను. ఈ మాట అంటున్నది సెరకోట్ వేయడమే వృత్తిగా ఉన్న మనిషి అని గమనించండి. నాకు ఇక్కడ ఫెడరల్ ఫైర్ఆర్మ్స్ లైసెన్సు ఉంది. సొంత తుపాకీకి ఎవరైనా పూత వేసుకోవచ్చు గాని, వ్యాపారంగా ఇతరుల తుపాకులు తీసుకుని పనిచేయాలంటే అది ఉండాలి. స్నేహితుల తుపాకులు గరాజులో డబ్బు తీసుకుని చేసిపెడుతున్న మనవాళ్ళు ఈ విషయం గుర్తించాలి.

సెరకోట్ అంటే ఓరెగాన్ రాష్ట్రంలోని వైట్ సిటీలో ఎన్.ఐ.సి. ఇండస్ట్రీస్ తయారుచేసే సిరామిక్, పాలిమర్ కలిసిన పలుచని పూత. బ్లూయింగ్ లాగా ఇనుములోంచి పుట్టేది కాదు, పైన కూర్చునేది. మందం సుమారు 25 మైక్రాన్లు. మా తీరంలోని ఉప్పుగాలికి, చేపలు పట్టే పడవల మీద తిరిగే తుపాకులకు దానికి మించినది నేను చూడలేదు. నూనె ఆరిపోయినా నిలబడుతుంది. అయితే దాని బలమంతా కింద చేసే తయారీలో ఉంటుంది.

భాగాలన్నీ విడదీశాక, అసిటోన్‌తో జిడ్డు పూర్తిగా వదిలిస్తాను. ఆ తర్వాత పొయ్యిలో వేడిచేస్తాను, ఎందుకంటే సందుల్లో, స్క్రూల గాడుల్లో దాగిన నూనె వేడికే బయటికి వస్తుంది. మొదటి ఏడాదిలో ఈ మెట్టు దాటవేసి ఒక రైఫిలు పాడుచేశాను. పూత వేసి పొయ్యిలో పెట్టాక, వెనుక సైటు కింద నుంచి నూనె చెమటలా ఊరి, చుట్టూ చేపకళ్ళలాంటి గుంటలు పడ్డాయి. అంతా ఊడదీసి మొదటి నుంచి చేయవలసి వచ్చింది. జిడ్డు వదిలాక అల్యూమినియం ఆక్సైడు ఇసుకతో, 100 లేదా 120 నంబరు రవ్వతో, పూత పట్టుకునేలా ఉపరితలాన్ని గరుకు చేస్తాను. అప్పటినుంచి ఒట్టి చేత్తో ముట్టుకోను. ఒక్క వేలిముద్ర చాలు, ఆరు నెలల తర్వాత ఆ ఆకారంలోనే పూత లేస్తుంది.

హెచ్ రకం పూతకు గట్టిపరిచే మందు కలపాలి. మామూలుగా 18 పాళ్ళ పూతకు ఒక పాలు. మందు పెంచితే మెరుపు పెరుగుతుంది, తగ్గిస్తే మసకబారుతుంది. పిచికారీ చేశాక 121 డిగ్రీల దగ్గర రెండు గంటలు కాల్చాలి. ప్లాస్టిక్ భాగాలకు అంత వేడి పనికిరాదు, వేడి తగ్గించుకోవాలి. సి రకం పూతకు మందూ, పొయ్యీ అక్కరలేదు, గాలికే ఆరుతుంది. పూర్తిగా గట్టిపడటానికి అయిదు రోజులు పడుతుంది. పిచికారీ చేసేటప్పుడు ద్రావకాల ఆవిరిని ఆపే గుళికలున్న మాస్కు తప్పనిసరి, గుడ్డ మాస్కు చాలదు. పూత కాల్చిన పొయ్యిలో జన్మలో మళ్ళీ రొట్టె కాల్చకూడదు. ఇంట్లో ఆవిడకు చెప్పకుండా వంటింటి ఓవెను వాడినవారు నాకు ఇద్దరు తెలుసు, వారి కథలు ఇక్కడ అప్రస్తుతం.

ఇంకొకటి, 25 మైక్రాన్లంటే తక్కువ అనిపిస్తుంది. ఒకదానిలో ఒకటి జారే రెండు భాగాలకూ పూత వేస్తే సందు 50 మైక్రాన్లు తగ్గుతుంది, రెండు వైపులా అయితే 100. అందుకే గొట్టం లోపలి భాగం, తూటా కూర్చునే గది, ట్రిగ్గరు కొక్కేలు, స్ప్రింగులు, ఫైరింగ్ పిన్ను దారి, ఇవన్నీ మూసి ఉంచాలి. ఇంగ్లీషు జంట గొట్టాల తుపాకీలో గొట్టాలు యాక్షనుతో, అంటే అవి వచ్చి కూర్చునే ఇనుప దిమ్మతో, కలిసే చోటును ఆకురాయితో వెంట్రుకవాసి కూడా తేడా లేకుండా అరగదీసి కూర్చోబెట్టారు. అక్కడ ఏ పూతా ఉండకూడదు. వీటన్నిటికీ మించి, ఇసుకతో కొట్టినప్పుడు ఆ గొట్టం మీది చెక్కడాలు, ముద్రలు మొద్దుబారిపోతాయి. తాతగారి తుపాకీకి అది చేయకండి.

అడవిపంది బాధితుడు (ఆదిలాబాద్):

అందరూ దాన్ని దేవుడి విగ్రహంలా చూస్తున్నారు. తుపాకీ పనిముట్టు. మా పొలంలో కాపలాకు నా ఒంటి గొట్టం తుపాకీ వానలో, బురదలో తిరుగుతుంది. దానికి మా ఊళ్ళో లైసెన్సున్న మరమ్మతు దుకాణంలోనే నల్ల ఎనామెల్ పెయింటు వేయించాను, నాలుగేళ్ళుగా బాగానే ఉంది. ఇన్ని లెక్కలు అవసరమా?

మాజీ ఆర్మరర్ (విశాఖపట్నం):

పెయింటు వేయించడం తప్పని నేను అనను. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత బ్రిటిష్ సైన్యం తన లీ ఎన్‌ఫీల్డు రైఫిళ్ళను పునరుద్ధరించినప్పుడు చేసింది దాదాపు అదే: ముందు ఫాస్ఫేటు పూత, దాని మీద కాల్చిన నల్లరంగు. మీ పెయింటు కింద ఫాస్ఫేటు ఉందా అన్నదే ప్రశ్న. ఫాస్ఫేటు పూతను అమెరికావారు పార్కరైజింగ్ అంటారు. ఫాస్ఫారిక్ ఆమ్లంలో జింకు లేదా మాంగనీసు కలిపి, మరిగే స్థాయికి కొంచెం తక్కువ వేడిలో భాగాన్ని ముంచితే, గరుకైన బూడిదరంగు పొర ఏర్పడుతుంది. అది నూనెనూ, రంగునూ గట్టిగా పట్టుకుంటుంది. నున్నని ఇనుము మీద నేరుగా వేసిన ఎనామెల్ మాత్రం ఒకచోట గీత పడితే చాలు, తేమ కిందికి పాకి, పైకి కనబడకుండా తుప్పు విస్తరిస్తుంది. ఎక్కడైనా రంగు బుడగలా ఉబ్బి ఉంటే గోరుతో గీకి చూడండి.

అడవిపంది బాధితుడు (ఆదిలాబాద్):

చూశాను. మూతి దగ్గర ఒక బుడగ ఉంది. ఇంకేమీ చెప్పను.

సంరక్షకురాలు (హైదరాబాదు):

నేను సంగ్రహాలయాల్లో లోహ వస్తువుల సంరక్షణ పని చేస్తాను. మా దృష్టి వేరు, అది ఇంటి తుపాకీకి పూర్తిగా వర్తించదని తెలిసే రాస్తున్నాను. పాత ఆయుధానికి మేము కొత్త పూత వేయము. సాలార్‌జంగ్ మ్యూజియం ఆయుధాల గదులకు వెళ్ళినవారు గమనించి ఉంటారు, ఆ కత్తులూ తుపాకులూ నిన్న తయారైనట్టు మెరవవు, మెరవకూడదు కూడా. చురుకుగా పెరుగుతున్న తుప్పును ఆపి, మిగిలిన అసలు పూతను అలాగే ఉంచి, పైన సూక్ష్మస్ఫటిక మైనం పలుచగా పూస్తాము. బ్రిటిష్ మ్యూజియం ప్రయోగశాలలో రూపొందిన రెనైసాన్స్ వాక్స్ ఈ పనికి ప్రసిద్ధమైనది. నూనె దుమ్మును పట్టుకుంటుంది, కారిపోతుంది. మైనం పొడిగా నిలుస్తుంది.

కొబ్బరితోట గారు అరిగిపోయిన చోటును లోపంగా చూస్తున్నారు. అది మీ తాతగారి ఎడమచెయ్యి పట్టుకున్న చోటు. దాన్ని కప్పేయాలా వద్దా అని ఒక్క రోజు ఆలోచించండి, అంతే. ఒకటి మాత్రం గట్టిగా చెబుతాను: గొట్టాల మీద అలలు, ముడుల వంటి చారలు కనబడితే అది ఇనుము, ఉక్కు పట్టీలు కలిపి చుట్టి అతికించిన డమాస్కస్ గొట్టం కావచ్చు. దానికి ఏ పని చేయించేముందైనా ఆగండి. వేడి క్షారపు తొట్టి ఆ చారల అందాన్ని ఒక్కపూటలో చెరిపేస్తుంది. అలాంటి గొట్టాల్లో ఈనాటి తూటాలు కాల్చడం కూడా ప్రమాదకరం.

కొబ్బరితోట (కోనసీమ):

అందరికీ కృతజ్ఞతలు. ఆర్మరర్ గారు చెప్పినట్టే చేశాను. మూడు రోజులు నూనె పట్టించి, రాగి రేకుతో నెమ్మదిగా గోకితే తుప్పు చాలావరకు లేచింది. కింద గుంటలు రెండే పడ్డాయి, ఆవగింజంత. వేలిముద్రలున్న చోట పూత పోయింది, మిగతా చోట పలచబడినా ఉంది. ముందు చెక్క కింద మాత్రం రంగు ఆశ్చర్యంగా ఉంది. కాకి రెక్క నలుపు, మెరుపు లేదు, కొంచెం నీలిఛాయ. చారలేమీ లేవు. గొట్టాల కింది భాగంలో కిరీటం, దాని కింద ఎన్.పి. అక్షరాలు ఉన్నాయి.

రెండు ప్రశ్నలు. సీసాల్లో దొరికే చల్లని బ్లూయింగ్ మందుతో ఈ మచ్చలు దిద్దుకోవచ్చా? లేక మొత్తం చేయించాలా?

మాజీ ఆర్మరర్ (విశాఖపట్నం):

కిరీటం కింద ఎన్.పి. అంటే, పొగరాని తుపాకీ మందుకు గొట్టాలు తట్టుకుంటాయని పరీక్షించిన బర్మింగ్‌హామ్ ప్రూఫ్ హౌసు (తుపాకుల బలాన్ని పరీక్షించే సంస్థ) ముద్ర. 1813 నుంచి నడుస్తున్న సంస్థ అది. మెరుపులేని ఆ నలుపు చూస్తే, నెమ్మదిగా తుప్పు పట్టించి నల్లబరిచే పాత పద్ధతిలో వేసిన పూత అని అర్థమవుతోంది. మంచి ఇంగ్లీషు జంట గొట్టాలకు సాధారణంగా అదే వేసేవారు, ఎందుకో టంకం సంగతి చదివినవారికి ఈపాటికి తెలిసే ఉంటుంది.

చల్లని బ్లూయింగ్ గురించి మొదట. బర్చ్‌వుడ్ కేసీవారి పెర్మా బ్లూ వంటివి విదేశాల్లో సులభంగా దొరుకుతాయి. గోరంత గీతకు, స్క్రూల తలలకు, సైటు అంచులకు అది పనికివస్తుంది. మచ్చ మీద జిడ్డు బొత్తిగా లేకుండా అసిటోన్‌తో తుడిచి, లోహాన్ని చేతికి వెచ్చగా తగిలేంత వేడిచేసి, దూదిపుల్లతో మందు రాసి, ఒక నిమిషం ఆగి నీటితో కడిగి, ఆరాక సన్నని స్టీల్ ఊలుతో పైపైన రుద్ది, మళ్ళీ రాయాలి. మూడు నాలుగు సార్లకు రంగు కుదురుకుంటుంది. మచ్చ అంచు దగ్గర ఆపకుండా పాత పూత మీదికి కొంచెం జారనిస్తే అతుకు తెలియదు. చివర నూనె పట్టించి ఒక రాత్రి వదలాలి. ఇంత చేసినా, నీడలో కలిసిపోయిన రంగు ఎండలో చూస్తే వేరుగా తెలుస్తుంది, చెయ్యి తగిలే చోట ఏడాది తిరిగేలోగా అరిగిపోతుంది. జానెడు పొడవుకు నేను దాన్ని సూచించను.

రసాయనం మాస్టారు (హనుమకొండ):

అరిగిపోవడానికి కారణం, అది మాగ్నటైటు కాకపోవడం. ఆ సీసాల్లో చాలావరకు ఉండేది సెలీనియం సమ్మేళనం, రాగి లవణం, కొంత ఆమ్లం. ఇనుము మీద రాగి సెలీనైడు నల్లని పొరగా పేరుకుంటుంది. చూపుకు నలుపే గాని తుప్పును ఆపే శక్తి స్వల్పం. సెలీనియం విషపదార్థం. చేతితొడుగులు లేకుండా, కిటికీలు మూసిన గదిలో, పిల్లలు తిరిగే చోట వాడవద్దు. వాడిన దూది వంటింటి చెత్తలో వేయవద్దు.

మాజీ ఆర్మరర్ (విశాఖపట్నం):

ఇక రెండో ప్రశ్న. మీరు చేయించదలిస్తే గొట్టాల జతకు మళ్ళీ ఆ నెమ్మది పద్ధతిలోనే చేయించండి. ఇది ఇంట్లో చేయమని చెప్పడం లేదు. మీ తుపాకీని అప్పగించే పనివాడు సరిగ్గా చేస్తున్నాడో లేదో మీకు తెలియడానికి వివరంగా రాస్తున్నాను.

మొదట గొట్టాలను దారంతో వేలాడదీసి వేలి కణుపుతో తడతాడు. గుడిగంటలా ఖంగుమంటే పట్టీల టంకం గట్టిగా ఉంది. పగిలిన కుండలా చప్పుడు చేస్తే ఎక్కడో ఊడింది, ముందు అది సరిచేయాలి. తర్వాత పాతపూతను ఎమరీ కాగితంతో చేత్తోనే, గొట్టం పొడవునా ఒకే దిశలో తీస్తాడు. తిరిగే బఫింగ్ చక్రం దగ్గరికి గొట్టాన్ని తీసుకెళ్ళేవాడైతే అక్కడే నమస్కారం పెట్టి తుపాకీ వెనక్కి తెచ్చుకోండి. చక్రం అక్షరాల అంచులు గుండ్రబరుస్తుంది, పట్టీ అంచుల దగ్గర అలలు తెస్తుంది, గొట్టం గోడను పలచబరుస్తుంది. మీ ఆవగింజ గుంటలు పూర్తిగా పోయేదాకా అరగదీయమని అడగవద్దు. గుంట ఉన్నా ఫరవాలేదు, గోడ మందం తిరిగి రాదు.

గొట్టాల లోపల తుప్పు పట్టకుండా నూనె గాని వార్నిష్ గాని పూసి, రెండు చివరలకూ బిరడాలు బిగిస్తాడు. పైభాగం జిడ్డు వదిలించాక, ఆమ్లం కలిసిన ద్రావణాన్ని దాదాపు పిండేసిన దూదితో, ఒక్క గీతలో మూతి వరకు పూస్తాడు. మధ్యలో ఆగినా, రెండోసారి అదేచోట రుద్దినా చార పడుతుంది. ఆ తర్వాత తేమగా ఉన్న పెట్టెలో కొన్ని గంటలు వేలాడదీస్తే, గొట్టమంతా సమానంగా సన్నని ఎర్ర తుప్పు పట్టుకుంటుంది. చలిదేశాల్లో ఆ తేమ కోసం ప్రత్యేకంగా పెట్టెలు కట్టుకుంటారు. మీ కోనసీమ శ్రావణమాసంలో వరండానే చాలు.

తుప్పు పట్టిన గొట్టాలను డిస్టిల్డ్ వాటరులో మరిగించాలి. బ్యాటరీలో పోసే నీళ్ళు ఎంచుకోవచ్చు, బోరు నీళ్ళు పనికిరావు, వాటిలోని లవణాలు మచ్చలు వేస్తాయి. పావుగంట మరిగేసరికి ఎరుపు కాస్తా నల్లని ముఖమల్ వస్త్రంలా మారుతుంది. నేను ఎన్నిసార్లు చూసినా ఆ మార్పు మళ్ళీ చూడాలనిపించేది. పైన నిలబడని మసిని జిడ్డు తీసిన స్టీల్ ఊలుతో తుడిచేస్తాడు. దుకాణంలో కొన్న స్టీల్ ఊలుకు తుప్పు పట్టకుండా నూనె పూసి ఉంటుంది కాబట్టి, దాన్ని అసిటోన్‌లో కడగకుండా వాడితే తర్వాతి పొర పట్టదు. కొత్త పనివారు నూటికి తొంభై మంది ఇక్కడే దెబ్బతింటారు. ఇలా పూయడం, తుప్పు పట్టించడం, మరిగించడం, తుడవడం అయిదారు సార్లయినా జరగాలి. మొదటి పొర చిత్తడిగా, మచ్చలుగా కనబడుతుంది, భయపడవద్దు. మూడో పొర నుంచి రంగు కుదురుతుంది. చివరిసారి మరిగించాక వేడిగా ఉండగానే నూనెలో ముంచాలి, లేకపోతే గొట్టంలో మిగిలిన ఆమ్లపు ఛాయ తుప్పును మళ్ళీ పిలుస్తుంది.

యాక్షను, అంటే గొట్టాలు వచ్చి కూర్చునే ఇనుప దిమ్మ, దాని మీద నీలం, గోధుమ, బూడిద రంగుల మబ్బులు కనబడుతుంటే దాన్ని ముట్టుకోనివ్వకండి. ఎముకల బొగ్గుతో కాల్చి నీటిలో ముంచి గట్టిపరిచినప్పుడు వచ్చిన రంగులు అవి, పూత కావు. పోతే తిరిగి రావు.

న్యాయవాది (కాకినాడ):

రెండు ముక్కలు. ఆయుధాల చట్టం, 1959 లోని 5వ సెక్షను తయారీ, అమ్మకాలతో పాటు మరమ్మతును కూడా లైసెన్సు పరిధిలోకి తెచ్చింది. తుడుచుకోవడం, నూనె పెట్టుకోవడం యజమాని ఇష్టం. పాతపూత తీసి కొత్తది వేయడం లైసెన్సున్న మరమ్మతుదారు చేత చేయించి, అప్పగించిన రోజు రసీదు తీసుకోవడమే క్షేమం. యంత్ర భాగాలకు రంగువేసే వర్క్‌షాపులో తుపాకీ గొట్టాలు వదిలిరావడం, రసాయనం మాట పక్కనపెట్టినా, మీ లైసెన్సుకే ముప్పు.

అదే చట్టంలోని 8వ సెక్షను తుపాకీ మీది పేరు, నంబరు, గుర్తింపు ముద్రలను చెరపడాన్ని, మార్చడాన్ని నిషేధిస్తుంది. నంబరు మీద ఎమరీ కాగితం అతిగా నడిచి అది చదవడానికి వీలు లేకుండా పోతే, నా ఉద్దేశం పాలిష్ మాత్రమేనని తనిఖీ అధికారికి నచ్చచెప్పడం తేలిక కాదు. పనికి ముందు ముద్రలన్నిటికీ దగ్గరగా ఫొటోలు తీసి ఉంచుకోండి.

గల్ఫ్ తీరం (హ్యూస్టన్):

అమెరికాలో కూడా సీరియల్ నంబరు చెరిగిన తుపాకీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ నేరమే. నేను ఇసుకతో కొట్టేముందు నంబరు మీద మందపాటి టేపు అంటిస్తాను, పూత కూడా అక్కడ పలుచగానే పోనిస్తాను.

పది మీటర్ల పిస్తోలు (హైదరాబాదు):

మధ్యలో ఒక చిన్న సందేహం, క్షమించండి. నేను గచ్చిబౌలిలో ఎయిర్ పిస్తోలు సాధన చేస్తాను. దాని అల్యూమినియం ఫ్రేము అంచున నల్లరంగు పోయి తెల్లగా మెరుస్తోంది. ఆర్మరర్ తాతగారు చెప్పిన చల్లని బ్లూయింగ్ పనిచేస్తుందా?

రసాయనం మాస్టారు (హనుమకొండ):

అమ్మా, అది అనోడైజింగ్ పొర, అంటే కరెంటు సాయంతో అల్యూమినియం మీదే పెంచిన గట్టి ఆక్సైడు పొర. ఇనుముకు వాడే మందు అల్యూమినియం మీద పనిచేయదు. అల్యూమినియం కోసం వేరే నల్లబరిచే మందులున్నాయి గాని, అవి రంగు ఇస్తాయే తప్ప పోయిన గట్టి పొరను తెచ్చివ్వవు. అల్యూమినియంకు ఇనుములాగా ఎర్రతుప్పు బెడద లేదు కనుక, మెరుపు గురిచూపుకు అడ్డుతగలనంత వరకు వదిలేయవచ్చు. అడ్డుతగిలితే మసక నల్ల మార్కరు పెన్నుతో దిద్దుకోండి, ఆరు నెలలకోసారి.

కొబ్బరితోట (కోనసీమ):

రెండు నెలల తర్వాత మళ్ళీ రాస్తున్నాను. లైసెన్సున్న ఒక పెద్దాయన దగ్గర రసీదు తీసుకుని తుపాకీని అప్పగించాను. గొట్టాలు వేలాడదీసి తట్టగానే గంటలా మోగాయి, అప్పుడే ఆయన మీద నమ్మకం కుదిరింది. బఫింగ్ చక్రం గురించి అడిగితే, నేనేదో తిట్టినట్టు చూశారు. ఏడు పొరలు వేశారు. ముందు చెక్క కింది అసలు రంగును నమూనాగా పెట్టుకుని, దానికి దగ్గర పడేదాకా ఆపలేదు. రెండు గుంటలూ అలాగే ఉన్నాయి, వెతికితే తప్ప కనబడవు. నంబరు, కిరీటం ముద్ర ఫొటోలతో పోల్చి చూసుకున్నాను, అక్షరాల అంచులు చెక్కుచెదరలేదు.

సంరక్షకురాలి గారికి ఒక సంజాయిషీ. చెయ్యి పట్టుకునే చోటు అలాగే వదలమని ఆయనను అడిగాను. గొట్టమంతా నల్లబడి అక్కడ మాత్రం తెల్లగా ఉంటే నెలకోసారి తుప్పు తుడవడానికే మీ బతుకు సరిపోతుందని తోసిపుచ్చారు. తాతగారి చేతిముద్ర పోయింది.

ఇప్పుడు దాన్ని సంచిలోంచి తీసి, చెక్క బీరువాలో, సిలికా జెల్ సంచులతో నిలబెట్టాను. ముట్టుకున్న ప్రతిసారీ నూనెగుడ్డతో తుడుస్తున్నాను. ఇక మిగిలింది ఒక్కటే. వచ్చే దసరాకు పసుపూ కుంకుమా ఎక్కడ పెట్టాలి? తడి పసుపు ఈ గొట్టానికి అంటించాలంటే చెయ్యి రావడం లేదు.

మాజీ ఆర్మరర్ (విశాఖపట్నం):

భుజానికి ఆనించే మడమ చెక్క మీద పెట్టండి. మా యూనిట్‌లో ముప్ఫై ఏళ్ళూ అక్కడే పెట్టాం. సాయంత్రానికి పొడిగుడ్డతో తుడిచేయండి.